పుట్టుకతోనే కోలినెస్టరేజ్ లోపం: ఒక జన్యు ఉత్పరివర్తనం, పురుగుమందుల పరీక్షల అన్వయం

ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ తరగతుల పురుగుమందులను పిచికారీ చేసే రైతులు, కూలీలు, వాటిని నిల్వచేసి విక్రయించే డీలర్లు ఎంత మేరకు విషప్రభావానికి లోనయ్యారో తెలుసుకోవడానికి రక్తంలోని కోలినెస్టరేజ్ ఎంజైమ్ క్రియాశీలతను కొలవడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఈ అంకె తక్కువగా వస్తే దానిని మందు ప్రభావంగానే పరిగణించడం పరిపాటి. అయితే తెలుగునాట ఒక సమాజంలో ఈ ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిన వ్యక్తులు అసాధారణమైన సంఖ్యలో ఉన్నారు. వారి విషయంలో అదే అంకెకు అర్థం పూర్తిగా వేరు. ఈ వంశపారంపర్య లోపానికి మూలమైన ఉత్పరివర్తనం ఎట్టిదో, అది ఒక సమాజంలో ఎట్లా నిలిచిందో, నరసన్నపేట వంటి ప్రాంతంలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్త దానిని ఎందుకు తెలుసుకొని ఉండాలో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం. సస్యశాస్త్ర విద్యార్థికి వైద్య జన్యుశాస్త్రంతో ఏమి పని అన్న సందేహం కలిగితే, వరిపై సుడిదోమకు వాడే మందు సీసా మీది ఎర్ర త్రికోణాన్ని ఒకసారి గుర్తుచేసుకోవలసి ఉంటుంది.

రెండు ఎంజైములు, రెండు జన్యువులు

కోలినెస్టరేజ్ అనే ఒకే పేరుతో మనం రెండు వేర్వేరు ఎంజైములను వ్యవహరిస్తున్నాము. మొదటిది అసిటైల్ కోలినెస్టరేజ్. ఇది నాడుల సంధులలోను, నాడీ కండర సంధులలోను, ఎర్రరక్తకణాల పొరపైన ఉంటుంది. నాడీ సంకేతాన్ని మోసే అసిటైల్ కోలిన్ అణువును పని ముగియగానే విడగొట్టడం దీని విధి. దీని జన్యువు 7వ క్రోమోజోమ్ మీద ఉన్నది. రెండవది బ్యుటిరైల్ కోలినెస్టరేజ్. ఇది కాలేయంలో తయారై రక్తపు ప్లాస్మాలోకి విడుదలవుతుంది. దీని జన్యువు 3వ క్రోమోజోమ్ పొడవు భుజం మీద ఉన్నది. జన్యువులు వేరు కనుక ఒకదానిలో వచ్చిన మార్పు మరొకదానిని తాకదు. ఈ వ్యాసంలోని విషయమంతా ఈ ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉన్నది.

ఆర్గానోఫాస్ఫేట్ అణువు ఈ రెండింటినీ ఒకే విధంగా స్తంభింపజేస్తుంది. ఎంజైమ్ క్రియాస్థానంలో ఉండే సెరిన్ అనే అమైనో ఆమ్లానికి మందులోని భాస్వర భాగం అతుక్కుంటుంది, ఎంజైమ్ ఇక పనిచేయదు. నోట చొంగ కారడం, కనుపాపలు సూదిమొనలా కుంచించుకుపోవడం, కండరాలు అదరడం, ఊపిరి అందకపోవడం వంటి విషలక్షణాలన్నీ మొదటి ఎంజైమ్ నిలిచిపోవడం వలన కలిగేవి. రెండవది నిలిచిపోయినంత మాత్రాన పైకి ఏ లక్షణమూ కనిపించదు. అయినప్పటికీ ప్రయోగశాలలలో ఎక్కువగా కొలిచేది రెండవదానినే. సీరం వేరుచేసి పరీక్షించడం సులువు, ఎర్రకణాలతో పని కొంత శ్రమ. ఈ సౌలభ్యమే పొరపాటుకు తావిస్తున్నది.

రెండవ ఎంజైమ్ శరీరానికి ఎందుకు అవసరమో చెప్పడం శాస్త్రజ్ఞులకు చాలాకాలం కష్టమైంది. దాని లేమి మొదట బయటపడినది పొలాలలో కాదు, శస్త్రచికిత్స గదులలో. 1951 ప్రాంతంలో సక్సినైల్ కోలిన్ అనే కండర సడలింపు మందు వాడుకలోకి వచ్చింది. ఊపిరి గొట్టం అమర్చే ముందు ఇచ్చే ఈ మందు ప్రభావం సాధారణంగా ఐదారు నిమిషాలకు మించదు, ఎందుకంటే ప్లాస్మాలోని బ్యుటిరైల్ కోలినెస్టరేజ్ దానిని వెంటనే విడగొట్టివేస్తుంది. కాని అరుదుగా కొందరు రోగులలో కండరాలు గంటల తరబడి తిరిగి కదలలేదు, శ్వాసను యంత్రంతోనే నడిపించవలసి వచ్చింది. కెనడాలోని టొరంటోలో వెర్నర్ కాలో ఈ విషయాన్ని పరిశోధించి, డిబుకైన్ అనే మందు సమక్షంలో ఎంజైమ్ ఎంత శాతం మందగిస్తుందో కొలిచే పద్ధతిని 1957లో ప్రకటించాడు. సాధారణ వ్యక్తులలో ఈ సంఖ్య సుమారు 80, విలక్షణ ఎంజైమ్ జన్యువు రెండు ప్రతులూ ఉన్నవారిలో సుమారు 20, ఒక ప్రతి మాత్రమే ఉన్నవారిలో సుమారు 60. మందుకు మనిషి స్పందించే తీరు జన్యువుల మీద ఆధారపడుతుందని చూపిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి. ఆ విలక్షణ ఎంజైములో 70వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం బదులు గ్లైసిన్ ఉంటుందని తరువాత తేలింది.

ఒక అక్షరం మారితే

విలక్షణ ఎంజైమ్ కొంతైనా పనిచేస్తుంది. ఏ మాత్రమూ పనిచేయని రకాన్ని 'నిశ్శబ్ద' యుగ్మవికల్పం అంటారు. యూరప్, అమెరికా జనాభాలో రెండు ప్రతులూ నిశ్శబ్దమైన వ్యక్తి సుమారు లక్షమందిలో ఒకరు. ఆంధ్రప్రదేశ్ వైశ్యులలో ఈ నిశ్శబ్ద యుగ్మవికల్పం అధికంగా ఉన్నదని 1979లోనే హ్యూమన్ జెనెటిక్స్ పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. అయితే ఆనాటికి జన్యువును అక్షరం అక్షరం చదివే సాధనాలు అందుబాటులో లేవు. జన్యువులో ఏ మార్పు వలన ఇది కలుగుతున్నదో 2006లో తేలింది. తమిళనాడులోని కోయంబత్తూరులో స్థిరపడిన వైశ్యుల రక్త నమూనాలను భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన ఓక్సానా లాక్రిడ్జ్ బృందంతో కలసి పరీక్షించారు. ఆ సమాజంలో సుమారు 24 మందిలో ఒకరికి ప్లాస్మాలో ఈ ఎంజైమ్ క్రియాశీలత లేదని, దానికి కారణం 307వ స్థానంలోని ల్యూసిన్ బదులు ప్రోలిన్ రావడమేనని వారు చూపారు.

ల్యూసిన్‌ను ప్రోలిన్‌గా మార్చడానికి జన్యు సంకేతంలో ఒక్క అక్షరం చాలు. మూడక్షరాల సంకేతపు నడిమి థైమిన్ స్థానంలో సైటోసిన్ వస్తుంది, అంతే. కాని ఫలితం చిన్నది కాదు. ఈ ఎంజైమ్ ఉపభాగంలో 574 అమైనో ఆమ్లాలు ఒక నిర్దిష్టమైన తీరులో మడతపడి ఉంటాయి. మిగతా అమైనో ఆమ్లాలకు భిన్నంగా ప్రోలిన్ వలయాకారం కలది, వంగని స్వభావం కలది. మెలిక తిరిగిన గొలుసులో అది చేరిన చోట మడత చెదురుతుంది. కదురులో పుల్ల ఇరుక్కొన్నట్లు అనుకోవచ్చు. సక్రమంగా మడతపడని ప్రోటీన్ నిలకడగా ఉండదు, పని చేసే స్థితిలో ప్లాస్మాలోకి చేరదు.

ఇంత జరిగినా ఆ వ్యక్తి ఆరోగ్యవంతుడే. నిశ్శబ్ద ఎంజైమ్ కలిగిన వైశ్యుల ఆరోగ్య స్థితిని 2007లో ప్రత్యేకంగా పరిశీలించిన అధ్యయనంలో ఈ లోపం వలన వేరుగా ఏ వ్యాధీ కనిపించలేదు. కనుక దీనిని వ్యాధి అనడం కంటే, కొన్ని రసాయనాలు ఎదురైనప్పుడు మాత్రమే ప్రమాదకరమయ్యే జీవక్రియా లోపం అనడం సమంజసం. సక్సినైల్ కోలిన్, మైవాక్యూరియం అనే మత్తు సంబంధ మందులు అట్టి రసాయనాలే.

మేనరికమా, మూలపురుషుల సంఖ్యా?

ఈ సమాచారం చెప్పినప్పుడల్లా విద్యార్థుల నుంచి తక్షణం వచ్చే మాట 'మేనరికాల వల్ల' అని. లెక్క వేసి చూస్తే ఆ మాట నిలవదు. 24 మందిలో ఒకరు సమయుగ్మజులైతే, హార్డీ వైన్‌బర్గ్ సూత్రం ప్రకారం ఈ యుగ్మవికల్ప పౌనఃపున్యం సుమారు 0.2. మేనరికపు దంపతుల సంతానానికి అంతఃప్రజనన గుణకం 1/16. పౌనఃపున్యం 0.2 ఉన్నచోట మేనరికం వలన సమయుగ్మజుల శాతం నాలుగు నుంచి ఐదుకు మాత్రమే పెరుగుతుంది. అదే లక్షమందిలో ఒకరికి ఉండే అరుదైన లోపమైతే (పౌనఃపున్యం సుమారు 0.003) మేనరికపు సంతానంలో దాని సంభావ్యత ఇరవై రెట్లు హెచ్చుతుంది. అనగా, అరుదైన యుగ్మవికల్పానికి మేనరికం పెద్ద ప్రమాదం. ఇప్పటికే విస్తారంగా ఉన్నదానికి దాని చేర్పు స్వల్పం. మన ప్రశ్న వేరు: మిగతా ప్రపంచంలో ఇంత అరుదైనది ఇక్కడ 0.2 స్థాయికి ఎట్లా చేరింది?

సమాధానం 'మూలస్థాపక ప్రభావం'. ఒక సమాజం ఏదో ఒక కాలంలో కొద్దిమంది స్త్రీపురుషుల నుంచి విస్తరించి, తరువాత బయటి వివాహాలు లేకుండా పెరిగితే, ఆ కొద్దిమందిలో ఒకరికి ఉన్న అరుదైన యుగ్మవికల్పం కూడా వారి సంతతితోపాటు పెరుగుతుంది. సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2009లో నేచర్ పత్రికలో, 2017లో నేచర్ జెనెటిక్స్‌లో ప్రకటించిన అధ్యయనాలు ఈ విషయాన్ని దక్షిణాసియా అంతటికీ విస్తరింపజేశాయి. రెండవ అధ్యయనంలో 260కి పైగా సమూహాలను పరిశీలించగా 81 సమూహాలలో ఈ ప్రభావం ఫిన్లాండ్ ప్రజలలోనూ, అష్కెనాజీ యూదులలోనూ కనిపించే దానికంటే బలంగా ఉన్నది. వాటిలో 14 సమూహాల జనాభా పది లక్షలు మించినది, వైశ్యులు అట్టివారిలో ఒకరు. జనాభా లక్షలలో ఉన్నంత మాత్రాన జన్యు వైవిధ్యం అధికమని భావించరాదని దీని అర్థం. ఈ సంగతి సస్యశాస్త్రజ్ఞులకు కొత్త కాదు. 1970లో అమెరికాలో మొక్కజొన్న పంటను ఆకుఎండు తెగులు ధ్వంసం చేసినప్పుడు అక్కడి సంకరాలలో అధికభాగం కణద్రవ్యం ఒకే మూలం నుంచి వచ్చినది. ఎకరాలు లెక్కలేనన్ని, వంశం ఒకటే.

రైక్ అంచనా ప్రకారం వైశ్యుల జనాభా కుదింపు రెండు మూడు వేల సంవత్సరాల క్రితం జరిగినది. పెనుగొండ వాసవీ కన్యకా పరమేశ్వరి గాథలోని 102 గోత్రాలవారి ఆత్మాహుతిని దీనికి చారిత్రక రుజువుగా చూపే వ్యాసాలు అప్పుడప్పుడు కనిపిస్తూ ఉంటాయి. ఆ గాథ మధ్యయుగానికి చెందినది, జన్యు ఆధారం సూచించే కాలం దానికి చాలా ముందుది. రెండింటినీ ముడివేయడం తొందరపాటు. గోత్రాల విషయంలో గమనించవలసినది మరొకటి ఉన్నది. సగోత్ర వివాహ నిషేధం ఈ లోపాన్ని అడ్డుకోదు. ఎందుకంటే గోత్రాలన్నీ ఆ కుదింపు గుండా నడచి వచ్చినవే.

పురుగుమందుకు అడ్డుగోడ ఎంత ఎత్తు?

ప్లాస్మాలోని బ్యుటిరైల్ కోలినెస్టరేజ్ ఆర్గానోఫాస్ఫేట్ అణువులను తనకు అంటించుకొని, అవి నాడులను చేరకుండా అడ్డుకొంటుంది. ఒక ఎంజైమ్ క్రియాస్థానం ఒక విషాణువును పట్టుకొని తాను నిష్క్రియమవుతుంది. సుడిదోమను చదివినవారికి ఈ తీరు పరిచితమే. శ్రీలంకలో పరిశీలించిన, మందులకు లొంగని సుడిదోమ సంతతులలో ఒక ఎస్టరేజ్ జన్యువు పలు ప్రతులుగా హెచ్చి, అధికంగా తయారైన ఆ ఎంజైమ్ విషాణువులను పట్టి ఉంచుతుంది. పురుగు పెంచుకొన్న రక్షణ వంటిదే ఇక్కడ కొందరు మనుషులలో లోపించినది.

కనుక ఈ లోపం ఉన్నవారికి పురుగుమందు మరింత ప్రమాదమా? దీనికి సూటి సమాధానం కంటే పరిమాణాల లెక్క ఎక్కువ మేలు చేస్తుంది. సాధారణ వ్యక్తి ప్లాస్మా లీటరులో ఈ ఎంజైమ్ క్రియాస్థానాలు సుమారు 50 నానోమోల్‌లు, మొత్తం మూడు లీటర్ల ప్లాస్మాలో 150 నానోమోల్‌లు. క్లోర్‌పైరిఫాస్ శరీరంలో మారగా ఏర్పడే ఆక్సాన్ అనే చురుకైన రూపంలో ఇది సుమారు 50 మైక్రోగ్రాములకు సమానం. 20 శాతం క్లోర్‌పైరిఫాస్ మందు ఒక మిల్లీలీటరులో 2 లక్షల మైక్రోగ్రాముల మూలపదార్థం ఉంటుంది. మింగినవాని విషయంలో ఈ అడ్డుగోడ ఉన్నా లేకున్నా ఒకటే. చర్మం ద్వారా కొద్దికొద్దిగా చేరే మోతాదుల వద్ద, అందులోనూ కొంత భాగమే ఆక్సాన్‌గా మారుతుంది కనుక, 50 మైక్రోగ్రాముల గోడకు కొంత విలువ ఉన్నది. పైగా పారాక్సోనేజ్ వంటి ఇతర ఎంజైములు కూడా ఆక్సాన్‌ను విచ్ఛిన్నం చేస్తాయి. కావున ఈ లోపం ఉన్నవారిని పొలానికి పోవద్దనడం కాని, లోపం లేనివారికి చేతితొడుగు అక్కరలేదనడం కాని శాస్త్రీయం కాదు. నా దృష్టిలో అసలు ప్రమాదం విషం కంటే విషాన్ని కొలిచే పరీక్ష దగ్గర ఉన్నది.

నరసన్నపేట పరిస్థితి

నరసన్నపేట వంశధార ఎడమ కాలువ కింది వరి పొలాల నడుమ, జాతీయ రహదారి మీద ఉన్న వర్తక పట్టణం. ఖరీఫ్ వరి, దాని వెనుక మినుము, పెసర ఈ ప్రాంతపు పంటల సరళి. చుట్టుపక్కల మండలాల రైతులు ఎరువులకు, పురుగుమందులకు ఇక్కడి దుకాణాలకే వస్తారు. దుకాణదారు రోజంతా ఆ సీసాల మధ్యనే కూర్చుంటాడు, కారిన డబ్బాలను తానే సర్దుతాడు, విడిగా అడిగినవారికి పోసి ఇవ్వడమూ కద్దు. తెలుగునాట వర్తకంలో వైశ్యుల పాత్ర తెలిసినదే. అనగా నిశ్శబ్ద యుగ్మవికల్పం అధికంగా గల సమాజానికి చెందినవారు, పురుగుమందులను రోజూ తాకే వృత్తిలోనూ ఉన్నారు. అట్టి దుకాణదారుకు సీరం పరీక్ష చేస్తే ఫలితం సున్నా రావచ్చు. అతనికి చెమట, చొంగ, కంటిపాప మార్పు ఏవీ లేకపోయినా 'తీవ్ర విషప్రభావం' అని నమోదు కావచ్చు. దీనికి విపర్యయం కూడా సాధ్యమే: నిజంగా విషప్రభావానికి లోనైన వ్యక్తిని 'వారి ఇంటి రక్తమే అంత' అని వదిలివేయడం. రెండవది ప్రాణాంతకం.

ఇక్కడ మరొక జాగ్రత్త అవసరం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో వర్తకం చేసే వారందరూ ఒకే వంశసమూహం కారు. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం గవర కోమట్లను, కళింగ కోమట్లను వేర్వేరు శాఖలుగా పేర్కొన్నది. తమలో తామే వివాహాలు చేసుకొనే రెండు సమూహాలలో ఒక యుగ్మవికల్పం ఒకే పౌనఃపున్యంలో ఉండాలన్న నియమం లేదు. ఆంధ్రప్రదేశ్, కోయంబత్తూరు ఆర్యవైశ్యుల అంకెలను 'వైశ్య' అన్న మాట సామ్యంతో కళింగ వైశ్యులకు అన్వయించడం జన్యుశాస్త్రం కాదు. కొలిచిన తరువాత చెప్పవలసిన మాట అది. కులనామం జన్యురూపం కాదు, పరీక్షకు ఏ ప్రశ్నతో పోవాలో సూచించే ఆనవాలు మాత్రమే. ఆర్యవైశ్యులలో కూడా సుమారు మూడింట రెండు వంతుల మందికి, పై లెక్క ప్రకారం, ఈ యుగ్మవికల్పం ఒక ప్రతి కూడా లేదు.

క్షేత్రంలో పాటించదగినవి

ఆరంభ కొలత లేనిదే కోలినెస్టరేజ్ అంకెను చదవరాదు. ఆరోగ్యవంతులలోనే ప్లాస్మా ఎంజైమ్ స్థాయి వ్యక్తికి వ్యక్తికి రెండు మూడు రెట్లు తేడాగా ఉంటుంది, కాలేయ వ్యాధిలోను, పోషకాహార లోపంలోను, గర్భధారణలోను తగ్గుతుంది. అందువలననే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1974 నుంచి అమలులో ఉన్న పర్యవేక్షణ విధానం సగటుతో కాక, మందు తాకక ముందు ఆ వ్యక్తిలో కొలిచిన స్థాయితోనే పోల్చుతుంది. ఎర్రకణాల ఎంజైమ్ 70 శాతానికి గాని, ప్లాస్మా ఎంజైమ్ 60 శాతానికి గాని పడిపోతే ఆ వ్యక్తిని మందు పనికి దూరంగా ఉంచుతారు. మన దేశంలోనూ 1971 నాటి పురుగుమందుల నియమావళిలోని 37వ నియమం మందులతో పనిచేసేవారికి పనిలో చేరే ముందే వైద్యపరీక్ష ఉండాలని చెప్పుచున్నది. ఆచరణలో అది కర్మాగారాల గేటు దాటి దుకాణం వరకు, పొలం వరకు రావడం అరుదు. 2003లో హైదరాబాదులోని మేనేజ్ సంస్థ ప్రారంభించిన డీలర్ల డిప్లొమా శిక్షణ ఏడాది పాటు సాగుతుంది. ఆరంభ కొలతకు అంతకంటే అనువైన సందర్భం మరొకటి లేదు. వరుసగా వచ్చే ముప్పై నలభై మంది డీలర్లకు ఒకే పూటలో ఆ పని ముగించవచ్చు.

ప్లాస్మా అంకె సున్నా లేదా సున్నాకు దగ్గరగా వచ్చి, మనిషికి లక్షణాలు లేకపోతే, అదే రక్తంతో ఎర్రకణాల అసిటైల్ కోలినెస్టరేజ్‌ను కొలవాలి. అది మామూలుగా ఉంటే లోపం వంశపారంపర్యమైనదని బలంగా అనుమానించవచ్చు. నిర్ధారణకు కాలమే మరొక సాధనం. ఆర్గానోఫాస్ఫేట్ వలన నశించిన ప్లాస్మా ఎంజైమ్‌ను కాలేయం నాలుగు నుంచి ఆరు వారాలలో తిరిగి నింపుతుంది. మందుకు దూరంగా ఉన్న ఆరు వారాల తరువాత కూడా సున్నాయే వస్తే అది మందు పని కాదు. ఒక ప్రతి మాత్రమే గలవారి అంకెలు సాధారణ స్థాయితో కలసిపోతాయి కనుక, తల్లిదండ్రుల కొలతలతో మాత్రమే తీర్పు చెప్పడం సరికాదు. జన్యు పరీక్షే ఆ సందేహాన్ని తీరుస్తుంది.

లక్షణాలు ఉన్నచోట మాత్రం పరీక్ష ఫలితం కోసం ఆగరాదు. కనుపాపలు, చొంగ, శ్వాస చూసి అట్రోపిన్ ఆరంభించవలసినదే. ఆ రోగికి శ్వాసగొట్టం వేయవలసివస్తే వైద్యులు సక్సినైల్ కోలిన్ బదులు రోకురోనియం వంటి ప్రత్యామ్నాయాన్ని ఎంచుకొనుటకు వీలుగా, కుటుంబంలో ఎవరికైనా ఆపరేషన్ తరువాత ఊపిరి ఆలస్యంగా తిరిగి వచ్చిన సంగతి ఉన్నదేమో వెంట వచ్చినవారు చెప్పగలగాలి. లోపం నిర్ధారణ అయినవారు ఒక చిన్న కాగితంపై 'సక్సినైల్ కోలిన్, మైవాక్యూరియం ఇవ్వరాదు' అని రాయించుకొని ఆధార్ కార్డుతోపాటు ఉంచుకొంటే చాలును. పెళ్లి సంబంధాల వేళ దీనిని పరిశీలించవలసిన అవసరం ఏమాత్రమూ లేదు. పరీక్షలో సున్నా వచ్చిన యువకుని పేరు గాని, యువతి పేరు గాని శిబిరం జాబితాలో బహిరంగంగా చదవకపోవడం కూడా శాస్త్రవేత్త విధులలో భాగమే.

నమూనాలు పంపేవారికి ఒక సాంకేతిక సూచన. ఎర్రకణాల పరీక్షకు గడ్డకట్టని రక్తం కావాలి కనుక సీరం గొట్టంలో తీసిన నమూనా పనికిరాదు. కార్బమేట్ మందుల విషయంలో ఎంజైమ్ గంటల వ్యవధిలోనే తిరిగి చురుకవుతుంది. నరసన్నపేటలో ఉదయం తీసిన నమూనా మంచు లేకుండా ప్రయాణించి సాయంత్రానికి విశాఖపట్నం ప్రయోగశాలకు చేరితే, దారిలోనే అంకె పెరిగి 'సాధారణం' అని రావచ్చు. నిశ్శబ్ద జన్యువు గలవారి ప్లాస్మా నమూనాకు ఈ బెడద లేదు. అది ఎప్పుడు కొలిచినా సున్నాయే. అందువలననే పురుగుమందు ప్రభావాన్ని గమనించడానికి వారి విషయంలో ప్లాస్మా పరీక్ష ఎన్నటికీ పనికిరాదు, ప్రతి పర్యాయమూ ఎర్రకణాల పరీక్షనే కోరవలసి ఉంటుంది.